సమాధానపరచడం కూడా ఒక చదువే



వేలూరు పేరు వినగానే తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ముందు గుర్తొచ్చేది ఆసుపత్రి. చిత్తూరు, కడప, అనంతపురం, నెల్లూరు జిల్లాల నుంచి వచ్చి కాట్పాడి స్టేషన్‌లో దిగే రోగులు, వారి వెంట వచ్చే బంధువులు ఇప్పటికీ ఎందరో. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యం ఎంత పెద్ద చెట్టయిందో మన సండే స్కూలు పిల్లలు కూడా చెప్పగలరు. పిల్లల్ని డాక్టర్లనో నర్సులనో చేయాలని మన సంఘాల్లో తల్లిదండ్రులు కనే కలలకు ఆ కథ చాలా వరకు కారణం. ఆ కల మంచిదే.

అయితే వేలూరు మన వాళ్లకు మరో చదువుకు కూడా దారి చూపింది. మతానికీ మతానికీ, కులానికీ కులానికీ, దేశానికీ దేశానికీ మధ్య తగాదా ఎందుకు పుడుతుంది, ఎలా ముదురుతుంది, మాటలతో దాన్ని ఎక్కడ ఆపవచ్చు అని తెలుసుకునే చదువు అది. విశ్వవిద్యాలయాల్లో దాన్ని సంఘర్షణల అధ్యయనం, అంతర్జాతీయ సంబంధాలు అంటారు. ఆచరణలో దాని పేరు దౌత్యం. ఆ దారిలో చాలా దూరం వెళ్లిన తెలుగు పండితుడు ఒకరు తన తొలి కాలేజీ పాఠాలు వేలూరులోనే నేర్చుకున్నారు. ఆయన సర్వేపల్లి రాధాకృష్ణన్.

ఆయన్ని మనం తత్వవేత్తగా, రాష్ట్రపతిగా, సెప్టెంబరు 5న గుర్తుచేసుకునే గురువుగా చూస్తాం. యుద్ధం గురించీ శాంతి గురించీ పుస్తకాలు రాసిన మనిషిగా, ప్రపంచం రెండు ముక్కలైన రోజుల్లో మాస్కోలో రాయబారిగా కూర్చున్న మనిషిగా చూడటం తక్కువ. ఆ వైపు నుంచి చూస్తే క్రైస్తవ యువతకు ఆయన జీవితంలో నేర్చుకోదగ్గవి ఉన్నాయి. వాదించదగ్గవి కూడా ఉన్నాయి.

వినకపోతే ఏమవుతుందో చూపిన కోట

ముందు వేలూరు కోట సంగతి చెప్పుకోవాలి. 1805 నవంబరులో మద్రాసు సైన్యంలోని సిపాయిలకు కొత్త ఉత్తర్వులు వచ్చాయి. నుదుట బొట్టు, నామం పెట్టకూడదు, గడ్డం తీసేయాలి, తోలు తురాయి ఉన్న కొత్త తలపాగా పెట్టుకోవాలి. హిందువులకూ ముస్లింలకూ ఇద్దరికీ అది అవమానంగా తోచింది. టోపీ పెట్టించడమంటే క్రైస్తవుల్ని చేయడానికే అన్న వదంతి బారకుల్లో పాకింది. కాదన్న వాళ్లకు అధికారులు కొరడా దెబ్బలు కొట్టించారు. 1806 జూలై 10 తెల్లవారుజామున కోటలో తిరుగుబాటు లేచింది. బ్రిటిష్ సైనికులు వంద మందికి పైగా చనిపోయారు. ఆర్కాటు నుంచి గుర్రపు దళం వచ్చి అణచివేసినప్పుడు అంతకంటే ఎన్నో రెట్లు సిపాయిలు చనిపోయారు. ఒక్క రోజులో అంతా ముగిసింది. తరువాత ఆ ఉత్తర్వులు రద్దయ్యాయి. సేనాధిపతి క్రాడక్‌నూ గవర్నర్ బెంటింక్‌నూ లండన్ వెనక్కి పిలిపించింది.

ఆ ఉత్తర్వుల్ని ప్రాణనష్టం తరువాత రద్దు చేసేకంటే ముందే రద్దు చేసి ఉంటే సరిపోయేది. సిపాయి తన నుదుటి బొట్టును ఎలా చూస్తాడో తెలిసిన అధికారి ఒక్కరు ఉండి, ఆయన మాట విని ఉంటే చాలు. ఎదుటివాడికి ఏది పవిత్రమో తెలియకుండా అతని మీద అధికారం చేయబోతే ఏం జరుగుతుందో ఆ కోట గోడలు చెబుతాయి. ఇవాళ అదే కోటలో జలకంఠేశ్వర ఆలయం, ఒక మసీదు, సెయింట్ జాన్స్ చర్చి ఉన్నాయి.

నొచ్చుకున్న విద్యార్థి

1806 నాటి అధికారి విననిది, దాదాపు వందేళ్ల తరువాత ఒక కాలేజీ తరగతి గదిలో మరో రూపంలో ఎదురైంది. అమెరికన్ ఆర్కాట్ మిషన్ 1853 నుంచి ఈ ప్రాంతంలో తమిళుల మధ్యా తెలుగువారి మధ్యా పనిచేసింది. మదనపల్లెలో జేకబ్ ఛాంబర్లేన్ సేవ చేసినదీ ఈ మిషన్ తరఫునే. వేలూరులో ఆ మిషన్ నడిపిన కళాశాలనే ఇవాళ వూర్హీస్ కాలేజీ అంటున్నాం. తిరుత్తణిలో తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో 1888లో పుట్టిన రాధాకృష్ణన్, తిరుపతిలో లూథరన్ మిషన్ బడిలో చదివి, వేలూరు వచ్చి ఇక్కడ ఎఫ్.ఏ. పూర్తిచేశారు. 1904లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లారు. అంటే బడి రోజుల నుంచి ఎం.ఏ. దాకా ఆయన చదువులో పెద్ద భాగం క్రైస్తవ సంస్థల్లోనే సాగింది.

ఆ సంస్థల్లో హిందూ మతం గురించి విన్న మాటలు తనను ఎంతో నొప్పించాయని ఆయన తరువాత రాసుకున్నారు. నొచ్చుకున్న కుర్రవాడు రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తాడు. పగ పెంచుకుంటాడు, లేదా పుస్తకం తెరుస్తాడు. ఆయన పుస్తకం తెరిచారు. విమర్శకు జవాబు వెతుక్కుంటూ తన గ్రంథాలను లోతుగా చదివారు. విమర్శించినవాళ్ల బైబిలునూ, వాళ్ల తత్వశాస్త్రాన్నీ కూడా అంతే శ్రద్ధగా చదివారు. 1908లో వేదాంతంలోని నీతి గురించి ఎం.ఏ. పరీక్ష కోసం ఆయన రాసిన వ్యాసాన్ని గురువు ఎ.జి. హాగ్ మెచ్చుకున్నారు. హాగ్ స్కాట్లాండు మిషనరీ. తన విశ్వాసానికి జవాబుగా రాసిన వ్యాసాన్ని చదివి, అందులోని తెలివిని గుర్తించి, నిజాయితీగా మెచ్చుకోగలిగిన ఆ గురువును కూడా ఇక్కడ మనం గుర్తుచేసుకోవాలి. ఒక మిషనరీ గాయం చేసిన చోట మరో మిషనరీ న్యాయం చేశాడు.

దౌత్యంలో మొదటి పాఠం ఇదే. ఎదుటివాడి పుస్తకం అతనికంటే బాగా చదవాలి. రాధాకృష్ణన్ ఆ పాఠం పూర్తిగా నేర్చుకున్నారు. మైసూరు, కలకత్తా విశ్వవిద్యాలయాల్లో బోధించారు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నప్పుడు హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ లాంటి భిన్న భావాల యువకులను వాల్తేరుకు రప్పించారు. ఆ రోజుల్లోనే నానాజాతి సమితి మేధావుల సహకారానికి ఏర్పాటు చేసిన అంతర్జాతీయ కమిటీలో సభ్యుడయ్యారు. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రాలు బోధించే స్పాల్డింగ్ ఆచార్య పదవి చేపట్టారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో చేసిన ప్రసంగాల్లో యుద్ధం, అహింసల గురించి విస్తారంగా మాట్లాడారు. యుద్ధం ముగిశాక యునెస్కోలో భారత ప్రతినిధి వర్గానికి నాయకత్వం వహించి, దాని కార్యనిర్వాహక మండలికి అధ్యక్షుడయ్యారు.

మాస్కోలో ఆచార్యుడు

1949లో నెహ్రూ ఆయన్ని సోవియట్ యూనియన్‌కు రాయబారిగా పంపారు. చాలామంది ఆశ్చర్యపోయారు. దేవుణ్ణి కాదనే ప్రభుత్వం దగ్గరికి వేదాంతిని పంపడమేమిటి అన్నారు. ఆయన ఆక్స్‌ఫర్డ్ పాఠాలు కూడా వదులుకోలేదు. ఏడాదిలో కొంత కాలం అక్కడ, కొంత కాలం ఇక్కడ. అప్పటికి మాస్కో దృష్టిలో మన స్వాతంత్ర్యం పేరుకు మాత్రమే స్వాతంత్ర్యం. ఆయన కంటే ముందు రాయబారిగా ఉన్న విజయలక్ష్మీ పండిట్‌ను స్టాలిన్ కలవనేలేదు. రాధాకృష్ణన్‌ను మాత్రం 1950 జనవరిలో ఒకసారి, 1952 ఏప్రిల్‌లో మరోసారి కలిశారు.

ఆ మాటల్లో అశోకుడి ప్రస్తావన వచ్చిందని ప్రసిద్ధంగా చెబుతారు. నెత్తుటి యుద్ధం గెలిచిన రాజు ఆ యుద్ధాన్నే వదిలేసిన కథ ఆయన స్టాలిన్‌కు చెప్పారట. ఎదురుగా ఉన్న మనిషి కుర్రతనంలో టిఫ్లిస్ వేదాంత పాఠశాలలో పాదిరీ చదువు చదివి మధ్యలో వదిలేసినవాడు. పశ్చాత్తాపం అంటే ఏమిటో ఆయనకు పుస్తకంలోనైనా తెలుసు. ఎదుటివాడికి ఏ భాష తెలుసో ఆ భాషలో మాట్లాడాలన్న తెలివి ఆ సంభాషణలో ఉంది. పొగడ్తా కాదు, బెదిరింపూ కాదు.

1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. దాన్ని ఆపేందుకు భారతదేశం చేసిన ప్రయత్నంలో రాధాకృష్ణన్ పాత్ర ఉంది. ఐక్యరాజ్యసమితిలో కమ్యూనిస్టు చైనాకు చోటు ఇవ్వడానికి అమెరికా ఒప్పుకుంటే, కాల్పుల విరమణకు సోవియట్ రష్యా సాయపడుతుందా అని ఆయన మాస్కోలో కదిపి చూశారు. నెహ్రూ రెండు దేశాలకూ లేఖలు రాశారు. స్టాలిన్ సుముఖంగా బదులిచ్చారు, అమెరికా ఒప్పుకోలేదు. ప్రయత్నం విఫలమైంది. కానీ మాట తెగిపోలేదు. 1953 జూలైలో యుద్ధ విరమణ కుదిరినప్పుడు, తిరిగి వెళ్లమన్న 22,000కు పైగా యుద్ధ ఖైదీల బాధ్యత చూసే తటస్థ దేశాల సంఘానికి అధ్యక్షత భారతదేశానికే దక్కింది. జనరల్ తిమ్మయ్య ఆ పని చేశారు. మూడేళ్ల కిందట విఫలమైన మాటలు ఇరుపక్షాలకూ కొంత నమ్మకం మిగల్చకపోతే అది సాధ్యమయ్యేది కాదు. శాంతి పనిలో ఓడిపోయిన ప్రయత్నం కూడా ఒక పెట్టుబడే.

1962లో ఆయన రాష్ట్రపతి అయిన కొద్ది నెలలకే చైనా యుద్ధం వచ్చింది. అప్పుడు ఆయన శత్రువును తిట్టి ఊరుకోలేదు. గుడ్డిగా నమ్మడం, నిర్లక్ష్యంగా ఉండటం మన తప్పులని స్వంత ప్రభుత్వానికే బహిరంగంగా చెప్పారు. తన పక్షానికి చేదు నిజం చెప్పలేనివాడు ఎదుటి పక్షంతో సంధి చేయలేడు.

అంబేడ్కర్ అడిగిన ప్రశ్న

ఇంతవరకు చెప్పింది ఒక వైపు. రెండో వైపు చెప్పకపోతే ఈ పత్రిక తన పని చేసినట్టు కాదు. దేశాల మధ్య తగాదాను అంత బాగా అర్థం చేసుకున్న పండితుడు, ఊరికీ పల్లెకూ మధ్య గీసిన గీతను అంతే స్పష్టంగా చూశారా? 1927లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్’ హిందూ నాగరికత వేల ఏళ్లు నిలిచి ఉండటాన్ని దాని బలానికి రుజువుగా చూపింది. 1936లో అంబేడ్కర్ తన ‘కులనిర్మూలన’లో ఆ వాదాన్ని పేరు పెట్టి ప్రశ్నించారు. బతికి ఉన్నామా లేదా అన్నది కాదు, ఎలాంటి బతుకు బతుకుతున్నాం అన్నదే అసలు సంగతి అన్నది ఆయన వాదన సారం.

ఈ ప్రశ్న దౌత్యం చదివే ప్రతి ఒక్కరూ జేబులో పెట్టుకు తిరగాల్సింది. నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ 1959లో ఓస్లోలో శాంతి పరిశోధన సంస్థను స్థాపించారు. కొట్లాట లేకపోవడం ఒక రకం శాంతి, అన్యాయం లేకపోవడం మరో రకం శాంతి అని ఆయన విడదీసి చూపించారు. ఎవరూ కత్తి పట్టకపోయినా ఆకలితో, అంటరానితనంతో మనుషులు నలిగిపోతుంటే అది కూడా హింసేనని 1969లో రాశారు. మన తెలుగు పల్లెల్లో ఈ సంగతి చెప్పడానికి నార్వే పండితుడు అక్కర్లేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసినవాళ్లం మనం. దాడి జరిగాక పెద్దమనుషులు కూర్చుని కుదిర్చే దానికి మన ఊళ్లలో రాజీ అని పేరు. చాలాసార్లు రాజీ అంటే దెబ్బ తిన్నవాడు కేసు వెనక్కి తీసుకోవడం. బలమున్నవాడి నిశ్శబ్దానికి బలహీనుడు చెల్లించే ధర అది. దాన్ని శాంతి అనడం నేరానికి సున్నం కొట్టడమే.

గుడియాత్తం ఎన్నిక

న్యాయంతో కూడిన సమాధానం ఎలా ఉంటుందో చూపే ఉదాహరణ వేలూరు పక్కనే ఉంది. వేలూరు నుంచి పడమరగా వెళితే కె.వి. కుప్పం వస్తుంది. సి.ఎం.సి. 1977 నుంచి పల్లెల ఆరోగ్యం కోసం పనిచేస్తున్న చోటు అది. అది దాటితే కౌండిన్య నది ఒడ్డున గుడియాత్తం. చేనేత లుంగీలకు, అగ్గిపెట్టెలకు, బీడీలకు పేరున్న పట్టణం. చిత్తూరు జిల్లా సరిహద్దు దగ్గరే. తమిళంతో పాటు తెలుగూ వినిపిస్తుంది.

1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ శాసనసభకు పోటీ చేసింది ఈ గుడియాత్తం నుంచే. అంతకు ముందు ఏడాది రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక విద్యలో కొత్త పద్ధతి తెచ్చింది. పిల్లలు బడిలో కొద్ది గంటలు చదివి, మిగతా సమయం ఇంటి వృత్తి నేర్చుకోవాలి. చాకలి బిడ్డ చాకలిగా, చెప్పులు కుట్టేవాడి బిడ్డ చెప్పులు కుట్టేవాడిగా మిగిలిపోవాలా అని మద్రాసు రాష్ట్రమంతటా నిరసన లేచింది. కామరాజ్ రాగానే ఆ పథకాన్ని ఎత్తేశారు. దాంతో కాంగ్రెస్‌ను నిత్యం వ్యతిరేకించే పెరియార్, అన్నాదురై గుడియాత్తంలో ఆయన్ని సమర్థించారు. కమ్యూనిస్టు అభ్యర్థి మీద ఆయన గెలిచారు. నాయకత్వం కోసం తనతో పోటీపడిన సి. సుబ్రమణ్యాన్నీ, ఆయన పేరు ప్రతిపాదించిన భక్తవత్సలాన్నీ మంత్రివర్గంలోకి తీసుకున్నారు. దళిత నాయకుడు బి. పరమేశ్వరన్ చేతికి దేవాలయాల శాఖ ఇచ్చారు.

కామరాజ్ పెద్ద చదువులు చదవలేదు. ఆయనకు ఆక్స్‌ఫర్డ్ లేదు, మాస్కో లేదు. అయినా గుడియాత్తంలో ఆయన చేసింది దౌత్యమే. ముందు అన్యాయాన్ని తీసేశారు, తరువాత ప్రత్యర్థులకు చేయి చాపారు. వరస తారుమారైతే అది ఉత్త రాజీ అయ్యేది. 1964లో నెహ్రూ చనిపోయాక పార్టీ చీలకుండా, ఒక్కొక్క ఎంపీ మనసు తెలుసుకుని లాల్ బహదూర్ శాస్త్రిని అందరి ఎంపికగా నిలబెట్టింది కూడా ఈయనే. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది రాధాకృష్ణన్. వేలూరులో చదివిన పండితుడూ, గుడియాత్తంలో గెలిచిన ప్రజల మనిషీ దేశం ఒడిదుడుకుల్లో ఉన్న రోజుల్లో పక్కపక్కనే నిలబడ్డారు.

ఈ సరిహద్దు నేల మరో మంచి పాఠం కూడా చెబుతుంది. ఆంధ్రకూ మద్రాసుకూ మధ్య ఏ ఊరు ఎవరిది అన్న తగాదాను హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తిత్వానికి వదిలారు. ఆయన జిల్లాను కాక గ్రామాన్ని కొలతగా తీసుకుని, అక్కడి ఎక్కువమంది భాష ఏదో చూసి తేల్చారు. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి మద్రాసుకు వెళ్లింది, సత్యవేడు ప్రాంతం మనకు వచ్చింది. అప్పటి ఉపరాష్ట్రపతి పుట్టిన ఊరే రాష్ట్రం మారింది. రెండు వైపులా అసంతృప్తి మిగిలినా, తీర్పు నిలబడింది. కొలత ముందే చెప్పి, అందరికీ ఒకే కొలత వాడితే ఓడినవాడు కూడా ఒప్పుకుంటాడు.

మన యువతకు

యువతీ యువకులారా, ఇదంతా చెప్పడం చరిత్ర పాఠం కోసం కాదు. 2023 మే నెలలో మణిపూర్ తగలబడుతున్నప్పుడు మన సంఘాల్లో కన్నీటి ప్రార్థనలు జరిగాయి, ఫోన్లలో వీడియోలు తిరిగాయి. మైతేయిలు, కుకీలు, నాగాల మధ్య భూమి తగాదా ఏమిటో, రిజర్వేషన్ వివాదం ఏమిటో వివరించగల తెలుగు క్రైస్తవ పరిశోధకులు ఎందరు? ఆసుపత్రిలో గాయానికి కట్టు కట్టేవాళ్లు మనలో వేలమంది ఉన్నారు. ఆ గాయం కాకుండా ముందే ఆపే చదువు చదివినవాళ్లు కావాలి.

ఆ చదువుకు తలుపులు తెరిచే ఉన్నాయి. జె.ఎన్.యు.లో అంతర్జాతీయ అధ్యయనాల విభాగం ఉంది. జామియా మిల్లియాలో నెల్సన్ మండేలా పేరిట శాంతి, సంఘర్షణల పరిష్కార కేంద్రం ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో రక్షణ, వ్యూహాత్మక అధ్యయనాల శాఖ ఉంది. స్వీడన్‌లోని ఉప్సాలా, కోస్టారికాలోని శాంతి విశ్వవిద్యాలయం లాంటివి బయటి దేశాల్లో ఉన్నాయి. సివిల్ సర్వీసు పరీక్ష ద్వారా విదేశాంగ సేవలోకి వెళ్లే దారి అందరికీ ఒకటే. ఇంజనీరింగ్ లాగా డిగ్రీ అందగానే జీతం అందే చదువు కాదిది. అందుకే సంఘాల మద్దతు కావాలి. కన్వెన్షన్ పందిళ్లకూ ఫ్లెక్సీలకూ పెట్టే ఖర్చులో కొంత తీసి, ప్రతి పెద్ద సంఘం ఒక్క విద్యార్థికి ఈ చదువు చెప్పించమని మేము కోరుతున్నాం.

విశ్వవిద్యాలయం దాకా వెళ్లలేనివాళ్లు ఇవాళే మొదలుపెట్టగల పనులూ ఉన్నాయి. పొరుగువారి మతం గురించి మన ప్రసంగాల్లో విన్నది కాదు, వాళ్లు తమ గురించి తాము రాసుకున్నది చదవండి. ఇంకో భాష నేర్చుకోండి. మీ ఊళ్లో జరిగిన తగాదాను ఇరువైపులా అడిగి, తేదీలతో సహా రాసి పెట్టండి. రాధాకృష్ణన్ విమర్శలకు క్రైస్తవుల వైపు నుంచి తిట్లతో కాక పుస్తకంతో జవాబిచ్చినవారు ఎం.ఎం. థామస్. భారత పునరుజ్జీవన నాయకులు క్రీస్తును ఎలా చూశారో రాసిన గ్రంథంలో ఆయన రాధాకృష్ణన్‌ను ఎంతో గౌరవంతో చదివి, గట్టిగా విభేదించారు. వాట్సాప్‌లో మతాల మీద వాదించే మన కుర్రవాళ్లు ఆ పద్ధతి చూడాలి. వేలూరు తరగతి గదిలో నొచ్చుకున్న ఆ విద్యార్థి స్థానంలో ఇవాళ మన మాటలు విని నొచ్చుకుంటున్న పొరుగింటి పిల్లవాడు ఉండవచ్చు. అతని మతం గురించి మనం అనే మాట అతని ముందు అనగలిగేదై ఉండాలి.

మన తెలుగు బైబిలులో శాంతికి వాడిన మాట సమాధానం. మందిరం బయట అదే మాటకు జవాబు అని అర్థం. కొండమీది ప్రసంగంలో సమాధానపరచేవారికి ప్రభువు ఇచ్చిన స్థానం మనకు తెలిసిందే. ఆ రెండు అర్థాలూ విడివిడిగా లేవు. అంటరానివాడిగా ఎందుకు చూస్తున్నారని అడిగేవాడికి జవాబు చెప్పకుండా అతనికి శాంతి ఇవ్వలేం. ఊరి చివర పల్లె అడుగుతున్న ప్రశ్నకు, సరిహద్దులో తల్లి అడుగుతున్న ప్రశ్నకు జవాబు వెతికే చదువే సమాధానపరచే చదువు. ఆ చదువుకు మన సంఘాల నుంచి ఈ ఏడాది ఎవరు బయలుదేరుతారో చూడాలని మేము ఎదురుచూస్తున్నాం.